పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పెల్లెట్లు: ఏ డబ్బా కొనాలో ఎలా తేల్చుకోవాలి

గచ్చిబౌలి షూటింగ్ రేంజ్‌కి కొత్తగా వచ్చిన పిల్లలూ, వాళ్ళ వెంట వచ్చే తల్లిదండ్రులూ తుపాకీ కొన్న మర్నాడే అడిగే ప్రశ్న ‘సార్, ఏ పెల్లెట్ మంచిది?’ అని. పెల్లెట్ అంటే గాలి ఒత్తిడితో పనిచేసే తుపాకీలో వేసి కాల్చే చిన్న సీసపు గుండు. దీనికి ఒక కంపెనీ పేరు చెప్పి పంపేస్తే అది సగం జవాబే. ఏ కంపెనీదైనా, ఏ లాట్‌దైనా (ఒకే విడతలో తయారైన సరుకు ఒక లాట్) పెల్లెట్ మీ బ్యారెల్‌లో ఎలా పోతుందన్నదే అసలు సంగతి. ఒకే పేరు, ఒకే రంగు మూత ఉన్న రెండు డబ్బాలు వేరే వేరే లాట్లవైతే వాటిని రెండు వేరే సరుకులుగానే చూడాలి. కింద నాలుగు కంపెనీల పెల్లెట్ల గురించి చెబుతున్నాం. అంతకన్నా ఎక్కువగా, వాటిలో మీది ఏదో తేల్చుకునే పద్ధతి చెబుతున్నాం.

తూటాలతో కాల్చే పోటీల్లో కొన్ని దేశాల షూటర్లు వాడేసిన ఖాళీ తొడుగుల్ని ఇంట్లోనే ప్రెస్ మీద మళ్ళీ నింపుకుంటారు. మందు కొలతా, బుల్లెట్ లోతూ తమ తుపాకీకి తగ్గట్టు మార్చుకుంటారు. మన దగ్గర 1959 ఆయుధాల చట్టం ప్రకారం తూటాల తయారీకి లైసెన్సు ఉండాలి. అది ఇంట్లో చేసుకునే పని కాదు. పైగా మన రేంజ్‌ల్లో ఎక్కువగా పేలే .22 తూటాకి మంట పుట్టించే రసాయనం తొడుగు అంచులోనే ఉంటుంది. ఫైరింగ్ పిన్ ఆ అంచుని ఒకసారి నొక్కేశాక ఆ తొడుగు మళ్ళీ పనికిరాదు. ఎయిర్ రైఫిల్‌లో మందూ లేదు, తొడుగూ లేదు. కాబట్టి గురి విషయంలో మందుగుండు వైపు నుంచి మీ చేతిలో ఉన్నది సరైన డబ్బా ఎంచుకోవడం ఒక్కటే.

2016 ఆయుధ నియమాల్లో ఎయిర్ గన్‌కి 0.177 అంగుళం, అంటే 4.5 మిల్లీమీటర్ల కొలత, 20 జౌళ్ళ శక్తి హద్దులుగా ఉన్నాయి. వీటిలో ఏది దాటినా లైసెన్సు కావాలి. పోటీ రైఫిల్ 0.53 గ్రాముల పెల్లెట్‌ని సెకనుకు 170 మీటర్ల పైచిలుకు వేగంతో పంపుతుంది. లెక్క కడితే సుమారు 8 జౌళ్ళు. పోటీ పిస్టల్ అయితే 5 జౌళ్ళ చుట్టూ. రెండూ హద్దుకి చాలా లోపలే. తుపాకీ బిల్లు మాత్రం భద్రంగా దాచుకోండి. రేంజ్‌కి తీసుకెళ్ళేటప్పుడు దాని నకలు తుపాకీ పెట్టెలోనే ఉంచండి.

ఇక మనకి ఎంత మంచి పెల్లెట్ కావాలన్నది చూద్దాం. ఇక్కడ రైఫిల్ లెక్క వేరు, పిస్టల్ లెక్క వేరు.

రైఫిల్ టార్గెట్‌లో పది అనే చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. ఒక వలయానికీ తరవాతి వలయానికీ మధ్య దూరం 2.5 మిల్లీమీటర్లు. కాబట్టి పెల్లెట్ కేంద్రం నుంచి పావు మిల్లీమీటరు జరిగితే 0.1 పాయింటు పోతుంది. పిస్టల్‌లో పదో వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు, వలయాల మధ్య దూరం 8 మిల్లీమీటర్లు. అక్కడ 0.1 అంటే 0.8 మిల్లీమీటరు. పైగా పిస్టల్ క్వాలిఫికేషన్‌లో, అంటే ఫైనల్‌కి ముందు రౌండ్‌లో, పూర్ణ సంఖ్యలే లెక్క. రైఫిల్ క్వాలిఫికేషన్‌లోకి దశాంశాలు 2013లో వచ్చాయి. మన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచినప్పుడు క్వాలిఫికేషన్ స్కోరు 598, ఫైనల్ 103.1, మొత్తం 701.1. ఆ క్వాలిఫికేషన్‌లో పది అంచుని తాకినా పదే, నడిమధ్యలో పడినా పదే. ఇప్పుడు అంచుకి 10.0, నడిమధ్యకి 10.9, అంటే 0.9 తేడా. రైఫిల్ షూటర్లు పెల్లెట్ల మీద ఇంత పట్టుదలగా ఉండడానికి కారణం ఇదే.

అయినా పెల్లెట్ తప్పిదం షూటర్ తప్పిదం మీద నేరుగా కూడదు. రెండూ ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా అటూ ఇటూ పోతాయి కనుక వర్గాల లెక్కలో కలుస్తాయి: రెండు వర్గాలూ కూడి వర్గమూలం తీయాలి. పది గుళ్ళ గ్రూప్ (ఒకే గురితో కాల్చిన రంధ్రాల గుంపు) బయటి అంచుల మధ్య 5.7 మిల్లీమీటర్లు వచ్చే మంచి లాట్‌లో ఒక్కో పెల్లెట్ గ్రూప్ మధ్య నుంచి సగటున 0.4 మిల్లీమీటరు జరుగుతుంది. 8.5 వచ్చే నాసి లాట్‌లో ఆ సగటు సుమారు 1.3. ఇప్పుడు ముగ్గురు షూటర్లని తీసుకోండి. 60 గుళ్ళకి 510 చుట్టూ కొట్టేవారి చెయ్యి సగటున 6 మిల్లీమీటర్లు జరుగుతుంది, అంటే చేతి తప్పిదం వల్ల గుండు టార్గెట్ కేంద్రానికి అంత దూరంలో పడుతుంది. వాళ్ళు నాసి లాట్ మాని మంచిది వాడితే మూడు పాయింట్ల లాభం. 600 దగ్గర ఉన్నవారి చెయ్యి 2.5 మిల్లీమీటర్లు జరుగుతుంది, వాళ్ళకి లాభం ఏడు పాయింట్లు. 620 చుట్టూ కొట్టేవారి చెయ్యి జరిగేది 1.5 మిల్లీమీటర్లే, వాళ్ళకి పది పాయింట్లు. చెయ్యి కుదిరేకొద్దీ పెల్లెట్ ఖరీదు వసూలవుతుంది. అదే లెక్క పిస్టల్‌కి వేసి, చెయ్యి 8 మిల్లీమీటర్లు జరిగే షూటర్‌ని తీసుకుంటే మంచి లాట్‌కీ నాసి లాట్‌కీ 60 గుళ్ళ మీద ఒక్క పాయింటు తేడా కూడా రాదు.

అందుకే మా సలహా. మొదటి ఏడాది రైఫిల్ పిల్లలకి ఖరీదైన డబ్బా వద్దు. పిస్టల్ పిల్లలకి అంతకన్నా వద్దు. 2023లో జరిగిన హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఈషా సింగ్ ఎయిర్ పిస్టల్ రజతం చూసి ఎందరో పిల్లలు పిస్టల్ పట్టారు. ఆ ఇళ్ళలో పెల్లెట్ల మీద పెట్టే అదనపు డబ్బు కోచింగ్ గంటల మీద పెడితే స్కోరు తప్పకుండా పెరుగుతుంది.

సరుకు సంగతికి వద్దాం. పది మీటర్ల కాగితం టార్గెట్‌కి చదును తల ఉన్న పెల్లెట్టే కావాలి. అది కాగితాన్ని గుండ్రంగా, శుభ్రంగా కోస్తుంది. గుండు తల, మొన తేలిన తల ఉన్నవి కాగితాన్ని చింపుతాయి. చిరిగిన చోట స్కోరు చదవడం తగువే. షాపులో ‘ఇది ఇంకా దూరం పోతుంది’ అని గుండు తలది అంటగడితే తీసుకోకండి.

జర్మనీ వాళ్ళ ఆర్‌డబ్ల్యూఎస్‌లో ఆర్-10 పోటీ సరుకు. పిస్టల్‌కి 0.45 గ్రాములది, రైఫిల్‌కి 0.53 గ్రాములది ఉంటుంది. మైస్టర్‌కుగెల్న్ దాని కింది మెట్టు, అవే రెండు బరువుల్లో వస్తుంది. సాధనకి మేం ముందుగా చూడమనేది దీన్నే. హాబీ అన్నది తేలికదీ చవకదీ. స్ప్రింగ్‌తో నడిచే మామూలు రైఫిల్‌కి అది చాలు, అలాంటి తుపాకీలో ఆర్-10 వేయడం డబ్బు దండగ. హెచ్ అండ్ ఎన్ కంపెనీ 1825 నాటిది. దాని ఫినాలే మ్యాచ్‌లో తల కొలతలు రకరకాలుగా దొరుకుతాయి కనుక తన బ్యారెల్‌కి తగ్గది వెతుక్కునేవారికి వీలు ఎక్కువ. చెక్ దేశపు జేఎస్‌బీ పేరు వినగానే చాలామందికి గుండు తల ఎగ్జాక్ట్ గుర్తొస్తుంది, అది మన పనికి కాదు. వాళ్ళదే చదును తల మ్యాచ్ రకం అడగండి. చైనా వాళ్ళ చియాంగ్ యువాన్‌లో ట్రెయినింగ్, మ్యాచ్, ఒలింపిక్ అని మెట్లున్నాయి. చైనా సరుకని చిన్నచూపు చూడాల్సింది కాదు, అంతర్జాతీయ పోటీల్లో వాడుతున్న పెల్లెట్లే ఇవి. ఈ నాలుగింటిలో ఏది గొప్పదని అడిగితే పై మెట్టు సరుకులో నాలుగూ గొప్పవే. కింది మెట్టులో మాత్రం ఒకే డబ్బాలో పెల్లెట్‌కీ పెల్లెట్‌కీ తేడా ఎక్కువగా కనిపిస్తుంది.

డబ్బా మీద చూడాల్సినవి మూడు: బరువు, తల కొలత, లాట్ నంబరు. తల కొలత 4.48 నుంచి 4.52 దాకా ఉంటుంది, 4.49, 4.50 ఎక్కువగా దొరుకుతాయి. ‘నా రైఫిల్‌కి 4.50 పడుతుంది’ అని వేరొకరి మాట విని కొనకండి. ఒకే మోడల్ రైఫిళ్ళు రెండింటికి కూడా వేరే కొలతలు నప్పవచ్చు. లాట్ నంబరు లేని డబ్బా, నంబరు చెరిగిపోయిన డబ్బా, విడిగా ప్లాస్టిక్ సంచిలో తూచి ఇచ్చే పెల్లెట్లు పోటీకి పనికిరావు. నచ్చినా అదే సరుకు మళ్ళీ కొనే దారి ఉండదు.

పరీక్షకి ఒక పూట కేటాయించండి. మూడు నాలుగు లాట్ల డబ్బాలు ఒక్కోటి కొంటే చాలు. అకాడమీలో అయిదుగురు కలిసి తలా ఒక లాట్ కొని, డబ్బాలోంచి అరవై, డెబ్బై చొప్పున పంచుకుంటే ఖర్చు ఇంకా తగ్గుతుంది. డబ్బాలో సాధారణంగా 500 ఉంటాయి, అందరికీ సరిపోతుంది. షాపు వాళ్ళతో ముందే మాట్లాడి, నచ్చిన లాట్‌లో పది డబ్బాలు వారం పాటు పక్కన పెట్టించండి. పరీక్ష చేసి వెళ్ళేసరికి ఆ లాట్ అయిపోయిందంటే పడిన శ్రమంతా వృథా.

రైఫిల్‌ని వైస్‌లో (కదలకుండా పట్టి ఉంచే బిగింపు పరికరంలో) బిగించి కాల్చడం ఉత్తమం. బిగింపు బ్యారెల్‌ని వంచకుండా, ప్రతిసారీ ఒకే చోట పట్టుకునేలా ఉండాలి. వైస్ దొరక్కపోతే ఇసుక సంచుల మీద ఆనించి, మీకన్నా చెయ్యి కుదిరిన షూటర్ చేత కాల్పించండి. రైఫిల్‌కి బిగించే సిలిండర్‌లో గాలి సగానికి పైగా ఉండాలి. గాలి ఒత్తిడిని సమంగా ఉంచే రెగ్యులేటర్ ఉన్న పోటీ రైఫిల్ వేగాన్ని చాలాసేపు నిలకడగా ఉంచుతుంది, కానీ గాలి బాగా తగ్గాక గుళ్ళు కిందికి జారతాయి. అప్పుడు తప్పు పెల్లెట్ మీదికి పోతుంది. ‘ఈ డబ్బా చెడ్డది’ అన్న ఫిర్యాదు వినగానే కోచ్‌లు మొదట గాలి గేజ్ చూసేది అందుకే.

లాట్ మార్చిన ప్రతిసారీ మొదటి పది, పదిహేను గుళ్ళు లెక్కలోకి తీసుకోకండి. బ్యారెల్ లోపల పాత పెల్లెట్ సీసం పలచని పొరగా ఉంటుంది. కొత్తది దాని మీద సర్దుకునేదాకా గ్రూప్ నమ్మదగ్గది కాదు. ఆ తరవాత పది గుళ్ళ గ్రూపులు అయిదు. అయిదు గుళ్ళ గ్రూపులతో తేల్చేయకండి. అయిదింటికి అదృష్టం కలిసొచ్చి 6 మిల్లీమీటర్లు వచ్చిన లాట్‌లోనే పది కాలిస్తే 7 రావడం మామూలే. ప్రతి గ్రూప్‌లో దూరంగా ఉన్న రెండు రంధ్రాల బయటి అంచుల మధ్య కొలవండి. వర్నియర్ కాలిపర్ ఉంటే మంచిది. గ్రూప్‌ని మందపాటి టార్గెట్ కాగితం మీదే తీయండి, నోటుబుక్కు కాగితం చిరిగి కొలత తప్పుతుంది. చివరికి చూడాల్సింది అయిదింటి సగటు, అన్నిటికన్నా చిన్నది కాదు. రెండు లాట్ల సగటుల మధ్య తేడా 0.3 మిల్లీమీటర్ల లోపు ఉంటే చవకైనదే కొనండి. పోటీ తుపాకీతో పాటు ఫ్యాక్టరీ వాళ్ళు ఒక టెస్ట్ కార్డు ఇస్తారు. అందులో కనిపించే ఒకే ఒక్క రంధ్రం లాంటి గ్రూప్ మీ బ్యారెల్ సత్తా చెబుతుంది. అది మీ పరీక్షకి కొలబద్ద.

ఎంత కొనాలి? ఒక సాధన పూటకి సైటర్లతో (స్కోరు లెక్కకి ముందు గురి సరిచూసుకునే గుళ్ళతో) కలిపి 80 నుంచి 100 దాకా పోతాయి. వారానికి అయిదు రోజులు కాలిస్తే నెలకి సుమారు 2000, అంటే నాలుగు డబ్బాలు. పోటీ లాట్ విడిగా దాచుకుని, పోటీకి ముందు రెండు వారాలూ పోటీ రోజునా మాత్రమే వాడితే పది డబ్బాలు ఒక సీజన్ దాటిస్తాయి. మిగతా రోజుల్లో కింది మెట్టు పెల్లెట్టే వాడండి, అయితే బరువు మాత్రం అదే ఉండాలి. బరువు మారితే సైట్ మార్చాల్సి వస్తుంది.

బేగంబజార్‌లో కొన్న చిన్న తూకం మీద ఒక్కో పెల్లెట్‌నీ తూచి వేరుచేసేవారు ఉన్నారు. 0.01 గ్రాము దాకా మాత్రమే చూపే తూకంతో ఆ పని కాదు. మంచి డబ్బాలో తేడాలు మిల్లీగ్రాముల్లో ఉంటాయి కనుక 0.001 చూపేది కావాలి. అదున్నా పది మీటర్ల దూరంలో ఆ శ్రమకి తగ్గ ఫలితం రాదు. అంతకన్నా కంటితో చూడడం మేలు. పెల్లెట్లని తెల్ల కాగితం మీద పరిచి తోక అంచు చూడండి. అక్కడ నొక్కు ఉంటే గాలి ఒక పక్క నుంచి ముందుగా జారిపోయి పెల్లెట్ వంకరగా బయలుదేరుతుంది. కొద్దిగా వాలుగా పెట్టిన గాజు పలక మీద దొర్లిస్తే మంచిది సాఫీగా వంపు తిరిగి పోతుంది, నొక్కుపడింది తడబడుతుంది. కొరియర్‌లో వచ్చిన డబ్బాల్లో నొక్కులు ఎక్కువ. డబ్బా ఊపితే గలగలమంటే లోపలి స్పాంజి పలచనయ్యిందని అర్థం. దాని మీద ఇంకో పలుచని స్పాంజి వేసి మూత పెట్టండి. రేంజ్‌లో నేల మీద పడిన పెల్లెట్‌ని మళ్ళీ లోడ్ చేయకండి. ఇసుక రేణువు ఒక్కటి అంటుకున్నా బ్యారెల్‌ని గీస్తుంది.

బ్యారెల్ శుభ్రం చేయడానికి ఫెల్ట్ (అదిమిన ఉన్ని) గుళ్ళు చాలు. కొన్ని వందల గుళ్ళకోసారి రెండు మూడు వేసి కాల్చండి, తరవాత పదిహేను మామూలు పెల్లెట్లు. ఇనప కడ్డీ బ్యారెల్‌లోకి దూర్చకండి, కొన దగ్గర గీత పడితే ఏ లాట్ కొన్నా గ్రూప్ రాదు. స్ప్రింగ్ రైఫిల్‌లో ఒక్క ఫెల్ట్ గుండు వేసి కాలిస్తే దానికి ఎదురొత్తిడి లేక పిస్టన్ దెబ్బతింటుంది. అందులో ఫెల్ట్‌ని కడ్డీతో నెట్టడమే మంచిది, ఆ కడ్డీ ప్లాస్టిక్ తొడుగు ఉన్నదై ఉండాలి.

వానాకాలంలో తెరిచిన డబ్బా అలా వదిలేస్తే సీసం మీద తెల్లటి పొడి పుడుతుంది. అది సీసం పట్టే తుప్పు, విషం కూడా. ఆ పెల్లెట్లు కడిగి వాడే ప్రయత్నం వద్దు, పక్కన పెట్టేయండి. గాలి చొరబడని స్టీలు డబ్బాలో సిలికా జెల్ సంచి వేసి పెల్లెట్ డబ్బాలు అందులో పెడితే జూన్ నుంచి అక్టోబరు దాకా భయం లేదు. వేసవిలో కారు డిక్కీలో గాలి నింపిన సిలిండర్ వదలకండి. 25 డిగ్రీల దగ్గర 200 బార్ ఉన్నది 60 డిగ్రీలకి 220 దాటుతుంది. సిలిండర్ మీద ముద్రించిన తయారీ తేదీకి పదేళ్ళు నిండితే దాన్ని మార్చాల్సిందే. అందులో నింపేది పొడి గాలే, ఆక్సిజన్ ఎన్నడూ కాదు. అది పేలుతుంది.

సీసం విషయంలో పిల్లల తల్లిదండ్రులు కచ్చితంగా ఉండాలి. పెల్లెట్లు నోట్లో పెట్టుకోనివ్వద్దు. కొందరు పిల్లలు చేతులు ఖాళీ లేవని పెదాల మధ్య పట్టుకుంటారు, ఆ అలవాటు మొదటి రోజే మాన్పించాలి. రేంజ్‌లో తినడం తాగడం వద్దు, బయటికి రాగానే సబ్బుతో చేతులు కడుక్కోవాలి, ఆ తరవాతే టిఫిన్ బాక్సు. ఇంట్లో సాధన చేసేవాళ్ళు టార్గెట్ చుట్టూ నేలని పొడిగా ఊడవకుండా తడిగుడ్డతో తుడవాలి. పెల్లెట్లు పోగుపడే ట్రాప్‌ని నెలకోసారి గ్లౌజులతో ఖాళీ చేసి, మూత ఉన్న డబ్బాలో దాచి, సీసం కొనే పాత ఇనుప సామాను వాళ్ళకి ఇవ్వండి. ఇంట్లో పొయ్యి మీద కరిగించే ఆలోచన అసలు వద్దు, ఆ పొగ ఇంటిల్లిపాదికీ ఎక్కుతుంది.